సూది భయం ఎవరు నేర్పారు?

ఆయనకు 46 ఏళ్లు. బ్యాంకులో క్యాషియర్. షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. మూడు రకాల మాత్రలు వాడుతున్నా, మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 11 శాతం దాటింది. కుడికాలి బొటనవేలి పక్కన పుండు. చెప్పు కరిచిందనుకున్నారట. నెల దాటినా మానకపోయేసరికి మా ప్రభుత్వాసుపత్రి ఓపీకి వచ్చారు. ఇన్సులిన్ మొదలుపెడదామన్నాను. ఆయన కాదనలేదు, వాదించనూ లేదు. "అలాగే సార్, వచ్చే నెల నుంచి" అన్నారు. చేతిలోని పాత చీటీలు తిరగేస్తే సంగతి అర్థమైంది. బయట ఇద్దరు డాక్టర్లు ఇదే మాట చెప్పి ఉన్నారు. ఆ 'వచ్చే నెల'కు అప్పటికే రెండేళ్లు నిండాయి.

పక్కనే ఉన్న వాళ్లమ్మగారు నవ్వుతూ అందుకున్నారు. "వీడికి చిన్నప్పటి నుంచీ సూదంటే హడలు బాబూ. మా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు సైకిల్ మీద వచ్చేవాడు. ఆ బెల్లు వినపడితే చాలు, వీడు మంచం కిందకి దూరేవాడు. అన్నం తినకపోతే మేము కూడా అనేవాళ్లం, ఉండు, సైకిల్ డాక్టర్ని పిలుస్తా అని." క్యాషియర్ గారూ నవ్వారు. కానీ బెల్లు మాట వచ్చినప్పుడు ఆయన కుడిచెయ్యి తనకు తెలియకుండానే ఎడమ జబ్బ మీదకు వెళ్లింది.

సరిగ్గా అప్పుడే, గుమ్మం దగ్గర వరసలో ఉన్న ఒక తల్లి నాలుగేళ్ల కొడుకుకు నన్ను చూపించి, "అదిగో డాక్టరుగారు. ఇంకోసారి అల్లరి చేశావంటే పెద్ద సూది పొడుస్తారు" అంది. పిల్లాడు గప్‌చిప్. పదేళ్ల కిందటైతే నేనూ ఆ మాటకు వంత పాడేవాణ్ని. "ఏదీ, సిరంజి ఇలా ఇవ్వండి సిస్టర్" అని నటించేవాణ్ని. ఓపీలో నూట యాభై మంది ఉన్నప్పుడు ఒక పిల్లాడు నోరు మూసుకుంటే అదే పదివేలు.

ఆ రోజు నాకు ఒకే గదిలో ఒక కథ మొదలూ, నలభై ఏళ్ల తర్వాత దాని కొనసాగింపూ కనిపించాయి. సూది భయం చాలామందికి మనం నేర్పిందే. మనం అంటే ఇంట్లోవాళ్లం, ఆసుపత్రివాళ్లం. అది నేర్పడం మానేయాలని చెప్పడానికే ఈ వ్యాసం.

నొప్పి పుట్టుకతో వచ్చేది. సూది భయం సంగతి వేరు. ఆరు వారాల పసిబిడ్డకు టీకా వేసేటప్పుడు గమనించండి. సూది దిగేదాకా అమ్మ ముఖాన్నో, తిరిగే ఫ్యాన్‌నో చూస్తూ ఉంటుంది. దిగాక గుక్కపట్టి ఏడుస్తుంది. పాలు పడితే కాసేపటికి సర్దుకుంటుంది. అదే బిడ్డను ఏడాదిన్నర వయసులో బూస్టర్ డోసుకు తీసుకురండి. గది గుమ్మంలోనే ఏడుపు లంకించుకుంటుంది. సూది ఇంకా ప్యాకెట్లోనే ఉంటుంది! ఈ మధ్యలో జరిగిన దాన్నే మనస్తత్వశాస్త్రం 'నేర్చుకోవడం' అంటుంది. మనకు నేర్చుకోవడమంటే పుస్తకం, ట్యూషన్, ర్యాంకు. శాస్త్రంలో ఆ మాట పరిధి పెద్దది. అనుభవం వల్ల ప్రవర్తనలో నిలిచిపోయే మార్పు ఏదైనా నేర్చుకోవడమే. మనకు పనికొచ్చేదే నేర్చుకోవాలన్న నియమం మెదడుకు లేదు.

బెల్లు మోగితే ఏమవుతుంది?

ఇవాన్ పావ్లోవ్ పేరు చాలామంది వినే ఉంటారు. ఆయన మనస్తత్వవేత్త కాదు, శరీరధర్మ శాస్త్రవేత్త. 1904లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్కల లాలాజలాన్ని కొలుస్తున్నప్పుడు, తిండి నోట పడకముందే వాటికి నోరూరడం ఆయన కంట పడింది. దాన్ని పట్టుకుని ప్రయోగాలు చేశాడు. ఒక చప్పుడు వినిపించడం, వెంటనే తిండి పెట్టడం. కొన్నిసార్లు అలా జరిగాక తిండి లేకపోయినా ఒట్టి చప్పుడుకే లాలాజలం ఊరింది. చప్పుడుకూ లాలాజలానికీ పుట్టుకతో ఏ సంబంధమూ లేదు. జతగా రావడం వల్ల ముడిపడ్డాయి.

మా క్యాషియర్ గారి సైకిల్ బెల్లు కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ తిండి బదులు నొప్పి. బెల్లు, స్టీలు డబ్బాలో మరిగే గాజు సిరంజి, స్పిరిటు వాసన, ఆ వెంటనే పోటు. నాలుగైదు జ్వరాలు వచ్చి తగ్గేసరికి ముడి బిగుసుకుంది.

పిల్లల విషయంలో దీన్ని నిరూపించిన ప్రయోగం ఒకటుంది. చదువుతుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ దాన్ని చేసి 1920లో ప్రచురించారు. ఆల్బర్ట్ అని వాళ్లు పిలిచిన పసివాడికి తెల్ల ఎలుకంటే మొదట భయం లేదు. పదకొండు నెలల వయసులో, వాడు ఎలుకను ముట్టుకోబోయినప్పుడల్లా వెనక నుంచి ఉక్కు కడ్డీ మీద సుత్తితో కొట్టారు. ఏడుసార్లు అలా చేసేసరికి, చప్పుడు లేకపోయినా ఎలుకను చూస్తేనే ఏడ్చాడు. తర్వాత కుందేలును చూసి, కుక్కను చూసి, బొచ్చు కోటును చూసి కూడా ఏడ్చాడు. ఆ భయం పోగొట్టకుండానే బిడ్డ అక్కణ్నుంచి వెళ్లిపోయాడు. ఇవాళైతే ఏ ఎథిక్స్ కమిటీ ఇలాంటి ప్రయోగానికి ఒప్పుకోదు. కానీ ఇళ్లలో మనం అనుమతి అక్కర్లేకుండా ఇదే చేస్తున్నాం.

ఎలుక భయం కోటు దాకా పాకిందన్న ముక్క డాక్టర్లకు ముఖ్యం. సూదికి పుట్టిన భయం సూది దగ్గర ఆగదు. డాక్టరుకు, స్టెతస్కోప్‌కు, ఆసుపత్రి వాసనకు పాకుతుంది. ఇంట్లో మామూలుగా ఉండే బీపీ నా గదిలోకి రాగానే పెరిగేవాళ్లు కొందరు ఉంటారు. దీన్ని 'వైట్ కోట్ హైపర్‌టెన్షన్' అంటాం. అందుకే అనుమానం ఉన్నవాళ్లను ఇంట్లో వారం రోజులు బీపీ చూసుకుని రాసి తెమ్మంటాం.

అమ్మ ముఖంలో చదివే పాఠం

"మేమెప్పుడూ సూదితో బెదిరించలేదు, అయినా మావాడికి భయమే" అనే తల్లిదండ్రులున్నారు. వాళ్లకు 1985లో వెలువడిన ఒక అధ్యయనం గురించి చెబుతుంటాను. ఏడాది వయసు పిల్లలను ఒక బల్ల మీద పాకనిచ్చారు. బల్ల సగం దాటాక అడుగు లోతుగా ఉన్నట్లు కనిపిస్తుంది, నిజానికి పైన గట్టి గాజు పలక ఉంటుంది. బిడ్డ అంచు దాకా వచ్చి, ఏం చేయాలో తోచక అవతల నిలబడ్డ అమ్మ ముఖంలోకి చూస్తుంది. అమ్మ నవ్వు ముఖం పెట్టినప్పుడు 19 మందిలో 14 మంది గాజు దాటి వెళ్లారు. భయపడ్డ ముఖం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మాట లేదు, బెదిరింపు లేదు. ముఖం చాలింది.

ఇంజెక్షన్ గదిలో మన ముఖాలు ఎలా ఉంటాయో ఎప్పుడైనా గమనించారా? తల్లి కళ్లు గట్టిగా మూసుకుంటుంది. తండ్రి "నా వల్ల కాదు, నువ్వే లోపలికి తీసుకెళ్లు" అని బయటే ఉండిపోతాడు. నాన్నే పారిపోయిన చోట ఏదో ఘోరం జరుగుతుందని పిల్లలు అనుకోవడంలో తప్పేముంది?

ఎదుటివాళ్లను చూసి నేర్చుకోవడం గురించి ఆల్బర్ట్ బండూరా 1961లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగం ప్రసిద్ధమైంది. ఒక పెద్దమనిషి గాలిబొమ్మను చావగొడుతుంటే చూసిన పిల్లలు, తర్వాత అవకాశం దొరికినప్పుడు అచ్చం అలాగే కొట్టారు. ఎవరూ వాళ్లకు కొట్టమని చెప్పలేదు. మా ఆసుపత్రిలో ఇంజెక్షన్ గది ఎదురుగానే బెంచీ ఉండేది. లోపలి నుంచి ఏడుస్తూ వచ్చే ప్రతి పిల్లనూ బెంచీ మీది పిల్లలందరూ చూసేవారు. మా సీనియర్ స్టాఫ్ నర్సు ఒకావిడ, ఏ పుస్తకమూ చదవకుండానే, ఆ బెంచీని వరండా మలుపు అవతలికి జరిపించారు. గుమ్మానికి ఒక తెర కట్టించారు. ఖర్చు తెరగుడ్డ మాత్రమే. ఏడుపులు పూర్తిగా ఆగాయని అనను. లోపలికి వచ్చే ముందే మొదలయ్యే ఏడుపులు మాత్రం తగ్గాయి.

ఇక నాలుగేళ్ల పిల్లల ఆలోచన తీరు గురించి. స్విట్జర్లాండ్‌కు చెందిన జీన్ పియాజే పిల్లల మనసు మీద దశాబ్దాలు పనిచేశాడు. రెండు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు జరిగే ప్రతిదానికీ తమతో సంబంధం కలుపుకొంటారని ఆయన గమనించాడు. తప్పు చేస్తే శిక్ష దానంతట అదే వచ్చి పడుతుందని చిన్నపిల్లలు నమ్ముతారని కూడా చెప్పాడు. (పిల్లాడు గోడకు కొట్టుకుంటే మనం గోడను నాలుగు దెబ్బలు కొట్టి ఊరడిస్తాం. ఆ వయసు లెక్కలో అది సబబైన న్యాయమే.) అలాంటి పిల్లాడితో "అల్లరి చేస్తే సూది" అన్నారనుకోండి. నెల తర్వాత జ్వరమొచ్చి నిజంగానే ఇంజెక్షన్ పడితే వాడు ఏమనుకోవాలి? తను చెడ్డవాణ్నని, అందుకే అమ్మానాన్నలు శిక్ష వేయించారని. చెవిపోటు వచ్చినా, మూత్రం పోసేటప్పుడు మంట పుట్టినా చెప్పకుండా దాచే పిల్లలను నేను చూశాను. చెబితే సూది పడుతుందని వాళ్ల లెక్క.

బెదిరింపు ఎందుకు ఆగదు?

ఇంత నష్టముంటే ఇంత ప్రేమించే తల్లిదండ్రులు ఎందుకు బెదిరిస్తున్నారు? ఎందుకంటే అది పనిచేస్తుంది. ఆ క్షణానికి.

బి.ఎఫ్. స్కిన్నర్ చెప్పిన సూత్రాల్లో ఒకటి చాలామంది తప్పుగా అర్థం చేసుకునే 'నెగటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్'. పేరు చూసి దీన్ని శిక్ష అనుకుంటారు. కాదు. ఒక పని చేయగానే ఇబ్బంది తొలగిపోతే, ఆ పని మళ్లీ చేయాలనిపిస్తుంది. మాత్ర వేసుకుంటే తలనొప్పి పోయింది కాబట్టి మళ్లీ నొప్పి వస్తే చెయ్యి ఆ మాత్ర కోసమే వెళ్తుంది. సూది పేరెత్తగానే పిల్లాడి గోల ఆగింది. అమ్మకు హాయి. అంటే ఆ గదిలో పాఠం నేర్చుకున్నది పిల్లాడొక్కడే కాదు. బెదిరించడం అమ్మ నేర్చుకుంది. వంత పాడి ప్రశాంతంగా ఓపీ చూసుకున్న నేనూ నేర్చుకున్నాను.

క్యాషియర్ గారి రెండేళ్ల 'వచ్చే నెల' కూడా ఇదే. వాయిదా వేసిన ప్రతిసారీ గుండెల మీద నుంచి బరువు దిగినట్లుంటుంది. ఆ ఉపశమనమే తర్వాతి వాయిదాకు బలం. ఆయన మొండివాడు కాదు, నిర్లక్ష్యం మనిషీ కాదు. బ్యాంకులో పైసా తేడా రానివ్వని మనిషి. తప్పించుకున్న భయం తగ్గదు, పెరుగుతుంది. ఎందుకంటే తను భయపడ్డంత ఏమీ జరగదని తెలుసుకునే అవకాశమే దానికి దొరకదు. ఇలాంటివాళ్లను "ఇంత పెద్దమనిషివి, సిగ్గు లేదా" అని గదమాయించే డాక్టర్లున్నారు. గదమాయిస్తే ఓపీకి రావడం కూడా మానేస్తారు, అంతే.

నన్ను ఎక్కువ భయపెట్టేది కుక్కకాటు. మన ఇళ్లలో ఇప్పటికీ "బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు" అంటారు. ఒకప్పుడు నిజమే. అది పాతకాలపు టీకా. దాన్ని మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో నాలుగు రోజులు వస్తే చాలు. మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో, రెండు జబ్బలకూ చిన్న చిన్న సూదులు. గాయం లోతుగా ఉంటే మొదటి రోజు గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కిస్తారు. బొడ్డు జోలికి ఎవరూ పోరు. కానీ భయం తాతల నుంచి మనవలకు మాటల ద్వారానే చేరింది. కుక్కపిల్ల గీరితే ఇంట్లో చెప్పకుండా దాచే పదేళ్ల పిల్లాడికి ఆ మాట ప్రాణాంతకం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మా చేతిలో దాదాపు ఏమీ ఉండదు. ఈ ఒక్క కారణం చాలు, సూదిని బూచిగా వాడకూడదనడానికి.

"మమ్మల్నీ అలాగే బెదిరించారు, మేం పెరగలేదా?" అని పెద్దవాళ్లు అడుగుతారు. పెరిగారు. మీలో ఎంతమంది ఏటా రక్తపరీక్ష చేయించుకుంటున్నారు? ఎంతమంది "మాత్రలతోనే సరిపెట్టండి డాక్టరుగారూ" అంటున్నారు? భయం లేకపోతే పిల్లలు మాట వినరన్నది ఇంకో వాదన. పిల్లలకు హద్దులు ఉండాల్సిందే, ఒప్పుకుంటాను. అన్నం తినకపోతే టీవీ ఉండదని చెప్పండి. తిండికీ టీవీకీ లంకె పెట్టడం కూడా గొప్ప పని కాదు గానీ, కనీసం టీవీ అవసరమై ఎవరి ప్రాణమూ ఆగదు.

ముడి విప్పవచ్చు

నేర్చుకున్నది కాబట్టే దీన్ని మార్చుకోవచ్చు. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్లలోపు పిల్లాడి భయం పోగొట్టింది. పిల్లాడు ఇష్టంగా తింటున్నప్పుడు కుందేలును దూరంగా ఉంచేది. భయపడకుండా ఉంటే కాస్త దగ్గరకు జరిపేది. కుందేలుతో హాయిగా ఆడుకునే పిల్లలను కూడా వాడికి చూపించింది. చివరికి పీటర్ కుందేలును నిమిరాడు. ఇప్పుడు భయాలకు చేసే వైద్యంలో చాలా భాగం దీని నుంచి వచ్చిందే.

ఇంట్లో చేయగలిగినవి చెబుతాను. టీకాకు తీసుకెళ్లేటప్పుడు పిల్లలకు అబద్ధం చెప్పొద్దు. "అస్సలు నొప్పి ఉండదు" అన్నారంటే రెండోసారి మిమ్మల్ని నమ్మరు. "చీమ కుట్టినట్లు ఉంటుంది నాన్నా, ఐదు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనండి. టీకాల నొప్పి తగ్గించడంపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచనల్లో ముఖ్యమైనవి కూడా ఇంటివాళ్ల చేతిలోనే ఉన్నాయి. అమ్మో నాన్నో పక్కన ఉండాలి. పాలు తాగే బిడ్డకు టీకా సమయంలో రొమ్ము పట్టవచ్చు. కాస్త పెద్ద పిల్లలను పడుకోబెట్టి నలుగురూ అదిమి పట్టకుండా, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోవాలి. అదిమి పట్టడం మా ఆసుపత్రివాళ్లకు తేలిక. మీరు అడగండి, ఒళ్లో కూర్చోబెట్టుకుంటామని. విసుక్కున్నా పట్టు వదలకండి.

సూది చూస్తే కళ్లు తిరిగి పడిపోయే పెద్దవాళ్లది కొంచెం వేరే సంగతి. వాళ్లకు బీపీ ముందు పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. ఊరికే "రిలాక్స్ అవ్వండి" అంటే వీళ్లకు పనిచేయదు. స్వీడన్‌కు చెందిన లార్స్ గోరన్ ఓస్ట్ అభివృద్ధి చేసిన పద్ధతి తేలికైనది. కూర్చుని కాళ్లు, పొట్ట, సూది వేయని చేతి కండరాలను 10 నుంచి 15 సెకన్లు బిగించాలి. ముఖం వెచ్చబడినట్లు అనిపించగానే వదిలి, అర నిమిషం ఆగి మళ్లీ బిగించాలి. ఇలా ఐదుసార్లు. ముందు నాలుగు రోజులు ఇంట్లో సాధన చేస్తే అవసరానికి అక్కరకొస్తుంది. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే చేయాలి. అసలు సంగతి, ఇంజెక్షన్ వేసేవాళ్లకు ముందే చెప్పండి. పడుకోబెట్టి వేస్తారు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

క్యాషియర్ గారి విషయంలో నేను తొందరపెట్టలేదు. పుండు వల్ల ఎక్కువ రోజులు ఆగే వీల్లేదు కూడా. పది రోజులు గడువు పెట్టుకున్నాం. అప్పటిదాకా పుండుకు డ్రెస్సింగ్ చేయించుకోవడానికి రోజు విడిచి రోజు రమ్మన్నాను. మొదటి రోజు సూది బిగించని ఇన్సులిన్ పెన్ను చేతిలో పెట్టి ఊరికే పట్టుకోమన్నాను. తర్వాతిసారి నాలుగు మిల్లీమీటర్ల సూది చూపించాం. "ఇంతేనా?" అన్నారు. ఆయన మనసులో ఇంకా ఆ గాజు సిరంజి సూదే ఉంది. ఆ తర్వాత సిస్టర్ బత్తాయి పండు తెచ్చి దాని మీద పొడిపించారు. ఎనిమిదో రోజున సిస్టర్ చెయ్యి పట్టుకోగా పొట్ట మీద తనే వేసుకున్నారు. చెమటలు పట్టాయి. పది సెకన్లు పెన్ను అలాగే పట్టుకోవాలి కదా, ఆయన నోట్లు లెక్కపెట్టినంత వేగంగా ఐదు సెకన్లలోనే పది లెక్కపెట్టేశారు. మళ్లీ నెమ్మదిగా లెక్కపెట్టించాం.

పుండు పూర్తిగా మానలేదు. అంచుల నుంచి ఎర్రటి కండ వస్తోంది. మొన్న చూపించుకోవడానికి వచ్చినప్పుడు, ఇంట్లో రాత్రిపూట ఇంజెక్షన్ చేసుకుంటుంటే ఐదో తరగతి చదివే కూతురు పక్కన కూర్చుని చూస్తుందని, లోపలికి పొమ్మని అరవాలా అని అడిగారు. చూడనివ్వండి, మీ ముఖం మాత్రం జాగ్రత్త అన్నాను.

"పొడుచుకునేటప్పుడు కళ్లు మాత్రం ఇప్పటికీ మూసుకుంటున్నాను సార్" అన్నారు లేవబోతూ.

ఫర్వాలేదు, డోసు తిప్పేటప్పుడు తెరిచి ఉంచండి చాలన్నాను.